నాలుగో లైను ఏ పేటలోది? ప్రాసెస్ గ్రూపులు, నేమ్‌స్పేస్ గోడలు

ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ ఎగ్జామ్ రోజున స్క్రీన్ మీద ‘కిల్డ్’ అని ఒక్క ముక్క పడి మా ఇవాల్యుయేటర్ చచ్చిపోయింది. గుంటూరుకీ విజయవాడకీ మధ్య ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒకదాంట్లో నేను ఈ ల్యాబ్ చూస్తాను. పిల్లలు రాసిన సీ ప్రోగ్రాములను నాలుగేసి చొప్పున ఒకేసారి నడిపి, అవుట్‌పుట్ ఫైళ్లు పోల్చి మార్కులు వేసే ఆ ఇవాల్యుయేటర్‌ను రాసింది నేనే. నడుస్తున్న ప్రోగ్రామును ప్రాసెస్ అంటారు, దాని నంబరు పీఐడీ, ఆ నంబర్లకు గోడ కట్టి విడదీసేది పీఐడీ నేమ్‌స్పేస్. ఒక్కో ప్రోగ్రామునూ ఒక్కో పీఐడీ నేమ్‌స్పేస్‌లో పెట్టాను. ఎవరి గదిలో వాళ్లుంటారు, ఒకళ్ల జోలికి ఒకళ్లు పోలేరు అని ధీమాగా ఉన్నాను.

మెమరీ నిండిపోయి ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెలే చంపిందేమో అని లాగ్ తీసి చూశాను. దాని జాడ లేదు. మళ్లీ నడిపితే మళ్లీ అదే నాలుగు ప్రోగ్రాముల దగ్గర అదే చావు. వాటిలో మూడింటి అవుట్‌పుట్ ఫైళ్లు మధ్యలో తెగిపోయి ఉన్నాయి. నాలుగోది మాత్రం చివరి లైను దాకా నిండుగా ఉంది. వరదకు ఊరంతా మునిగి ఒక్క ఇల్లు పొడిగా ఉంటే, ముందు ఆ ఇంటి తలుపే కదా కొడతాం. ఆ ప్రోగ్రాము రాసిన అమ్మాయిని పిలిచాను.

“ఏమ్మా, ఇది నువ్వు రాసిందేనా?”

“అవును సార్. అవుట్‌పుట్ వచ్చింది కదా సార్, కరెక్టే కదా?”

అవుట్‌పుట్ నిజంగానే కరెక్టు. ఆ ప్రోగ్రాములో ఏముందో తర్వాత చెప్తాను. అది అర్థం కావాలంటే, కెర్నెల్ ఒక ప్రాసెస్ గ్రూపును ఎలా వెతుకుతుందో, ఆ వెతుకులాటలో నేమ్‌స్పేస్ గోడ ఎక్కడ అడ్డం వస్తుందో, ఎక్కడ రాదో ముందు తెలియాలి. ఇక్కడ చెప్పేదంతా లైనక్స్ గురించి.

పేట పేరు లేని నంబరు

గుంటూరు తెలిసినవాళ్లకు నేమ్‌స్పేస్ చెప్పడం తేలిక. రైలు పట్టాలకు ఒకపక్క అరండల్‌పేట, ఇంకోపక్క బ్రాడీపేట, రెంటినీ కలపడానికి కట్టిందే శంకర్ విలాస్ బ్రిడ్జి. రెండు పేటల్లోనూ వీధులకు పేర్ల బదులు నంబర్లే: ఒకటో లైను, రెండో లైను, అలా. ఆటో ఎక్కి ‘నాలుగో లైనుకు పోనీ’ అంటే బండి కదలదు. ‘ఏ పేట సార్?’ అని అడుగుతాడు. అడక్కుండా తనకు తోచిన పేటకు తీసుకెళ్లి దింపేసే డ్రైవరును ఊహించుకోండి. కెర్నెల్ కోడులో ఈ విషయంలో జరిగే తప్పుల్లో చాలా భాగం ఆ డ్రైవరు బాపతే.

కానీ బ్రాడీపేటలోనే టీ కొట్టు దగ్గర నిలబడిన ఇద్దరు పేట పేరు చెప్పుకోరు. వాళ్లలో ఒకడు నాలుగో లైను అంటే అది ఇక్కడి నాలుగో లైనే. మాట్లాడే మనిషి ఏ పేటలో ఉన్నాడో దాన్నిబట్టి నంబరుకు అర్థం వస్తుంది. పీఐడీ నేమ్‌స్పేస్ సూత్రం కూడా అంతే: ఒక ప్రాసెస్ ఏదైనా నంబరు చెప్తే, ఆ ప్రాసెస్ ఏ నేమ్‌స్పేస్‌లో ఉందో అందులోని నంబరుగానే కెర్నెల్ దాన్ని తీసుకోవాలి.

ఈ పీఐడీ నేమ్‌స్పేస్‌లు లైనక్స్‌లోకి 2008 జనవరిలో 2.6.24 వెర్షన్‌తో వచ్చాయి. ప్రోగ్రాములను గోడలు కట్టి విడిగా నడిపే కంటైనర్ల ప్రాజెక్టు ఓపెన్‌వీజెడ్ వైపు నుంచి పావెల్ ఎమెల్యనోవ్, ఐబీఎం నుంచి సుకదేవ్ భట్టిప్రోలు ఆ పనిలో ముఖ్యులు. గుంటూరు వాళ్లకు భట్టిప్రోలు అనే మాట కనబడితే కళ్లు ఒక్క క్షణం ఆగుతాయి, నావీ ఆగాయి. దానికి పునాది అంతకుముందే ఎరిక్ బీడర్‌మన్ వేశాడు. కెర్నెల్ లోపల ప్రాసెస్‌ను ఉత్త అంకెగా మోసుకు తిరగడం మానేసి, ‘స్ట్రక్ట్ పిడ్’ అనే చిన్న వస్తువుగా పట్టుకోవడం అతని పని. అంకె పట్టుకుంటే ఆ ప్రాసెస్ చచ్చి అదే అంకె ఇంకొకరికి వెళ్లిపోవచ్చు. ప్రాసెస్ తాలూకు పెద్ద నిర్మాణాన్నే పట్టుకుంటే చచ్చినదాని కోసం పది కిలోబైట్ల దాకా మెమరీ వేలాడుతుంది. స్ట్రక్ట్ పిడ్ అరవై నాలుగు బైట్ల సరుకని ఆ కోడు పైన ఉన్న వ్యాఖ్యలోనే రాసి ఉంటుంది.

నేమ్‌స్పేస్‌లు చెట్టులా ఒకదానికింద ఒకటి ఉంటాయి, 32 అంతస్తుల దాకా. పైనున్నవాళ్లకు కిందివాళ్లు కనిపిస్తారు, కిందున్నవాళ్లకు పైవాళ్లు కనిపించరు. కాబట్టి లోతుగా ఉన్న ప్రాసెస్‌కు ఒకటికి మించి నంబర్లుంటాయి. కంటైనర్‌లో ఇంకో కంటైనర్ ఉందనుకోండి. లోపలి ప్రాసెస్ తన ఇంట్లో 1, నడిమి అంతస్తులో 57, అసలు మెషీన్ మీద 48213 కావచ్చు. మూడు నంబర్లూ ఒకే స్ట్రక్ట్ పిడ్‌లో వరసగా ఉంటాయి, ఒక్కో నంబరు పక్కనే అది ఏ నేమ్‌స్పేస్‌దో కూడా రాసి ఉంటుంది.

‘ఈ ప్రాసెస్‌ను ఈ నేమ్‌స్పేస్ వాళ్లు ఏ నంబరుతో పిలుస్తారు?’ అనే ప్రశ్నకు జవాబు చెప్పే ఫంక్షన్ ఒకటి ఉంది, పట్టుమని పది లైన్లు. అది రెండు విషయాలు చూస్తుంది. ముందు అంతస్తు: అడుగుతున్న నేమ్‌స్పేస్ ఈ ప్రాసెస్ కన్నా లోతుగా ఉంటే కనిపించే ప్రశ్నే లేదు. తర్వాత ఆ అంతస్తులో ఉన్న నంబరు తీసి, దాని పక్కన రాసి ఉన్న నేమ్‌స్పేస్ అడిగినవాళ్లదేనా అని సరిపోలుస్తుంది. ఈ రెండో పరీక్ష ఎందుకా అని నేను మొదట్లో అనుకున్నాను. అరండల్‌పేట, బ్రాడీపేట రెండూ ఒకే ఊళ్లో ఒకే స్థాయి పేటలు. స్థాయి ఒక్కటే చూసి వదిలేస్తే పక్క పేట నంబరు మన చేతికి వస్తుంది. రెండు పరీక్షలూ దాటకపోతే ఆ ఫంక్షన్ సున్నా ఇస్తుంది. ఈ సున్నాను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ముఠా, మేస్త్రి

ఇక ప్రాసెస్ గ్రూపు. మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీలు ఒక్కొక్కళ్లుగా కాక ముఠాలుగా పనిచేస్తారు. పని చెప్పాలంటే ఒక్కొక్కడినీ పేరు పెట్టి పిలవక్కర్లేదు, ఫలానా మేస్త్రి ముఠా అంటే చాలు, అందరూ కదులుతారు. కమాండ్లు టైప్ చేసే షెల్‌లో మూడు కమాండ్లను పైపుతో కలిపి నడిపితే షెల్ వాటన్నిటినీ ఒక ముఠాగా కడుతుంది. మీరు కంట్రోల్-సి కొట్టగానే మూడూ ఒకేసారి ఆగేది అందుకే. ఆగమనే ఆ కబురును, అంటే సిగ్నల్‌ను, టెర్మినల్ ముందున్న గ్రూపు మొత్తానికి పంపుతుంది.

గ్రూపుకు విడిగా పేరంటూ లేదు. మొదలుపెట్టిన ప్రాసెస్ పీఐడీయే గ్రూపు నంబరు, ముఠాకు మేస్త్రి పేరున్నట్టు. మేస్త్రి మానేసి ఊరెళ్లిపోయినా మిగిలినవాళ్లు ఆ పేరుతోనే చలామణీ అవుతారు కదా, ఇక్కడా అంతే. గ్రూపు మొదలెట్టిన ప్రాసెస్ చచ్చిపోయినా, గ్రూపులో ఒక్కరు మిగిలి ఉన్నంతకాలం కెర్నెల్ ఆ నంబరును కొత్తవాళ్లకు ఇవ్వదు. ఇస్తే కొత్తగా పుట్టినవాడు పాత ముఠాకు మేస్త్రి అయి కూర్చుంటాడు. దీనికోసం ఒక్కో స్ట్రక్ట్ పిడ్‌లో వేరు వేరు జాబితాలుంటాయి: ఈ నంబరు ఎవరికి సొంత పీఐడీ, ఎవరికి గ్రూపు నంబరు, ఎవరికి సెషన్ (కొన్ని గ్రూపుల కట్ట) నంబరు. అన్ని జాబితాలూ ఖాళీ అయితేనే నంబరు విడుదలవుతుంది.

మామూలు దారి: నంబరుతో వెతకడం

ఒక ప్రాసెస్ ‘57వ గ్రూపుకు ఈ సిగ్నల్ పంపు’ అంటుంది. కెర్నెల్‌ను పని అడిగే పిలుపును సిస్టమ్ కాల్ అంటారు, సిగ్నల్ పంపమనే పిలుపు కిల్. ఆ కిల్‌కు మైనస్ 57 ఇవ్వడం దాని పద్ధతి. కెర్నెల్ ఆ 57ను ‘ఫైండ్ వీపిడ్’ అనే ఫంక్షన్ చేతిలో పెడుతుంది. అడిగిన ప్రాసెస్ ఏ పీఐడీ నేమ్‌స్పేస్‌లో ఉందో చూసి, ఆ నేమ్‌స్పేస్ పట్టికలో మాత్రమే 57 కోసం వెతకడం దాని పని. 4.15 వెర్షన్ వచ్చేదాకా మెషీన్ మొత్తానికీ ఒకటే పెద్ద హ్యాష్ పట్టిక ఉండేది, నంబరూ నేమ్‌స్పేస్ కలిపి తాళంచెవిలా వాడేవాళ్లు. ఆ తర్వాత ఒక్కో నేమ్‌స్పేస్‌కు సొంత పట్టిక వచ్చింది. పట్టికలో స్ట్రక్ట్ పిడ్ దొరికితే, దాని గ్రూపు జాబితాలో ఉన్న ఒక్కో ప్రాసెస్‌కూ సిగ్నల్ వేస్తుంది. వేసేముందు యూజర్ అనుమతి చూస్తుంది.

దొరక్కపోతే ‘అలాంటి ప్రాసెస్ లేదు’ అనే జవాబు. ‘ఉంది గానీ నీకు అనుమతి లేదు’ అనే జవాబు వేరే ఉంది, దాన్ని ఇక్కడ వాడకూడదు. వాడితే బయట ఎన్ని నంబర్లు నడుస్తున్నాయో లోపలివాడు ఒక్కొక్కటీ తట్టి లెక్కపెట్టుకోగలడు. తలుపు వెనక ఎవరో ఉన్నారని చెప్పి తలుపు తీయకపోవడం వేరు, అసలు అక్కడ తలుపే కనబడకపోవడం వేరు.

గ్రూపు నంబరు తీసుకునే చోట్లు కిల్ ఒక్కటే కాదు. ఒక ప్రాసెస్‌ను ఫలానా గ్రూపులో చేర్చడం, ఫలానా గ్రూపును టెర్మినల్ ముందుకు తేవడం, గ్రూపు మొత్తం ప్రయారిటీ మార్చడం, ఒక ఫైలు మీద ఏదైనా జరిగితే ఈ గ్రూపుకు కబురు చెయ్యమనడం, అన్నీ నంబరుతోనే మొదలవుతాయి, అన్నీ ఇదే ఫైండ్ వీపిడ్ గుమ్మం దాటాలి.

అసలు సరిగ్గా వెతకడానికి నంబరే లేని చోట ఇబ్బంది మొదలవుతుంది. కిల్‌కు మైనస్ 1 ఇస్తే ‘నేను పంపగలిగిన అందరికీ’ అని అర్థం. అప్పుడు కెర్నెల్ మెషీన్ మీది ప్రాసెస్‌లన్నిటినీ వరసగా చూస్తూ, ఒక్కొక్కటీ అడిగినవాళ్ల నేమ్‌స్పేస్‌లో ఏ నంబరో అడుగుతుంది. సున్నా వస్తే బయటివాడు, 1 వస్తే ఆ నేమ్‌స్పేస్‌కు ఇనిట్, అంటే అందులో మొదటి ప్రాసెస్, ఇద్దర్నీ వదిలేస్తుంది. ఈ వడపోత మొదట్లో ఇక్కడా లేదు, 2008లోనే చేర్చారు. కానీ ‘ఈ యూజర్ ప్రాసెస్‌లన్నిటి ప్రయారిటీ మార్చు’ అనే దారిలో ఇలాంటి వడపోత చాలాకాలం లేదు. కంటైనర్‌లో కూర్చుని ఆ మాట అంటే, బయట అదే యూజర్ నడిపే ప్రాసెస్‌ల ప్రయారిటీ కూడా మారిపోయేది. డిస్కు ప్రయారిటీకీ అదే కథ. నేమ్‌స్పేస్‌లు వచ్చిన ఏడేళ్లకు, 2015లో గానీ దాన్ని సరిచేయలేదు. సరిచేసిన ముక్క ఎంతంటే, ‘వాడు నాకు కనిపిస్తాడా’ అనే ఒక్క షరతు.

సున్నా దారి

కిల్‌కు సున్నా ఇస్తే ‘నా గ్రూపు మొత్తానికి’ అని అర్థం. ఇక్కడ వెతకాల్సిన నంబరు లేదు, పట్టిక తెరవక్కర్లేదు. అడిగిన ప్రాసెస్‌కు తన గ్రూపు తాలూకు స్ట్రక్ట్ పిడ్ ఏదో తెలుసు, దాని చిరునామా, అంటే పాయింటర్, చేతిలో ఉంది. కెర్నెల్ నేరుగా ఆ పాయింటర్ పట్టుకుని, జాబితాలో ఉన్న అందరికీ సిగ్నల్ వేసేస్తుంది. మధ్యలో ఏ నేమ్‌స్పేస్ అనే ప్రశ్నే రాదు.

కొత్త పీఐడీ నేమ్‌స్పేస్‌తో ఒక బిడ్డ ప్రాసెస్‌ను పుట్టిస్తే దానికి పీఐడీ కొత్తది వస్తుంది, 1 అవుతుంది. గ్రూపు మాత్రం తల్లిదే. ఫోర్క్ చేసినప్పుడు, అంటే ప్రాసెస్ తన నకలును బిడ్డగా పుట్టించినప్పుడు, గ్రూపు వారసత్వంగా వస్తుందన్నది యూనిక్స్ పాత ధర్మం, నేమ్‌స్పేస్ దాన్ని మార్చలేదు. అంటే పేట మారినా ముఠా మారలేదు. లోపల నిలబడి ‘నా గ్రూపు నంబరు ఎంత’ అని అడిగితే కెర్నెల్ సున్నా అంటుంది, ఎందుకంటే ఆ గ్రూపు బయటిది, లోపలివాళ్లు దాన్ని పిలవడానికి నంబరు లేదు. నా గ్రూపుకు నంబరు లేదు గానీ నేను ఆ గ్రూపులో ఉన్నాను. ఇలాంటి స్థితి ఒకటుంటుందని చాలామంది ప్రోగ్రామర్లకు తెలియదు. నాకూ ఆ ఎగ్జామ్ దాకా ఒంటబట్టలేదు.

దీనికి తోడు ఇంకో ఉచ్చు. నేమ్‌స్పేస్‌లో మొదటి ప్రాసెస్ ‘మా అమ్మ పీఐడీ ఎంత’ అని అడిగినా సున్నాయే వస్తుంది. ఇప్పుడు ‘అమ్మకు సిగ్నల్ పంపు’ అని అమాయకంగా రాసిన కోడు కిల్ సున్నా అయి కూర్చుంటుంది, ఒక్కరికి వెళ్లాల్సింది ముఠా మొత్తానికి వెళ్తుంది. ‘నా గ్రూపు నంబరు తీసుకుని దానికి మైనస్ పెట్టి కిల్ చెయ్యి’ అన్నా అంతే, మైనస్ సున్నా కూడా సున్నాయే కదా. కనిపించదు అని చెప్పడానికి వాడిన అంకె, ఇంకోచోట ‘అందరూ’ అని అర్థమిచ్చే అంకె అయింది. ఈ పొందిక ఎవరూ కావాలని పెట్టింది కాదు. రెండు వేర్వేరు కాలాల్లో తీసుకున్న నిర్ణయాలు ఒకదానికొకటి ఎదురుపడ్డాయి.

కెర్నెల్ ఈ సున్నా దారిని కూడా మూసేయొచ్చు కదా? నేనూ కోపంలో అదే అనుకున్నాను. కానీ మూస్తే గ్రూపు అనే మాటకు రెండు అర్థాలొస్తాయి. టెర్మినల్ నుంచి కంట్రోల్-సి కొడితే గ్రూపులో ఉన్న లోపలివాళ్లకూ చేరాలి కదా, అది ఎటూ పాయింటర్ దారిలోనే వెళ్తుంది. బయటినుంచి లోపలికి గ్రూపు ఒకటే అయి, లోపలినుంచి బయటికి రెండైతే, ఆ కోడు చదివేవాడి గతి ఏం కాను? గ్రూపు నుంచి విడిపోవాలనుకుంటే విడిపోయే సిస్టమ్ కాల్ ఎప్పటినుంచో ఉంది. వాడకపోతే తప్పు ఇవాల్యుయేటర్ రాసినవాడిదే. అది నేనే అని ముందే ఒప్పుకున్నాను.

ఆ అమ్మాయి ప్రోగ్రాము

ప్రశ్న ఇది: ఫోర్క్ చేసి బిడ్డను పుట్టించు, కాసేపాగి తల్లి ఆ బిడ్డను చంపాలి, చంపిన సంగతి ప్రింట్ చేయాలి. ఫోర్క్ తల్లికి బిడ్డ నంబరు ఇస్తుంది, బిడ్డకు సున్నా ఇస్తుంది. ఆ అమ్మాయి ఆ విలువను ఒక వేరియబుల్‌లో దాచి, కిల్ లైనును తల్లి కొమ్మలో కాకుండా బిడ్డ కూడా నడిచే చోట రాసింది. తల్లి నిద్రపోతుండగా బిడ్డ ముందు ఆ లైను దగ్గరికి వచ్చి, కిల్ సున్నా, సిగ్నల్ తొమ్మిది (చంపేసే సిగ్నల్) అంది. మొదటి సంవత్సరంలో ఫోర్క్ నేర్చుకున్న ప్రతివాళ్లూ ఒక్కసారైనా చేసే పొరపాటే.

ప్రాసెస్ చేసే సిస్టమ్ కాల్స్ చూపే స్ట్రేస్ పెట్టి చూస్తే ఇవాల్యుయేటర్‌ను సిగ్నల్ తొమ్మిది చంపిందని తప్ప ఎవరు పంపారో తెలియలేదు. కెర్నెల్‌లో సిగ్నల్ పుట్టే చోట, జరిగింది రాసి చూపే ట్రేస్‌పాయింట్ ఒకటుంది, అది తెరిస్తే పంపినవాడి పేరు, అందుకున్నవాళ్ల నంబర్లు వరసగా పడ్డాయి. ఒకే ప్రోగ్రాము, ఆరుగురు గ్రహీతలు.

ముందు బిడ్డ తనను తాను చంపుకుంది. తల్లి ప్రోగ్రాముకూ వెళ్లింది, కానీ ఆ తల్లి తన నేమ్‌స్పేస్‌లో 1, అంటే ఇనిట్. తన ఇంట్లోవాళ్లు పంపే సిగ్నల్ తొమ్మిది ఇనిట్‌ను ఏమీ చేయదు, కెర్నెల్ దాన్ని మౌనంగా పారేస్తుంది. ఇవాల్యుయేటర్‌కు అలాంటి రక్ష లేదు, అది బయట మామూలు ప్రాసెస్. యూజర్ అనుమతి అడ్డం పడాలి కదా అంటారేమో. లోపల రూట్‌లా (సర్వాధికారి అకౌంటులా) కనిపించేది కూడా బయట లెక్కలో నా అకౌంటే, ఇవాల్యుయేటరూ నా అకౌంటే, కాబట్టి అనుమతి ఉంది.

మిగతా ముగ్గురి సంగతే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది. వాళ్లూ తమ తమ నేమ్‌స్పేస్‌లలో 1 కదా, వాళ్లకు రక్ష ఉండాలి. ఉంది, కానీ ఆ రక్ష లోపలివాళ్ల నుంచి మాత్రమే. పైఅంతస్తు వాళ్లు పంపితే సిగ్నల్ తొమ్మిది తగిలి తీరాలి, లేకపోతే కంటైనర్‌ను బయటినుంచి ఆపడమే కుదరదు. పంపినవాడు పైఅంతస్తు వాడా అని కెర్నెల్ ఎలా తెలుసుకుంటుంది? అందుకునేవాడి నేమ్‌స్పేస్‌లో పంపినవాడికి నంబరుందా అని చూస్తుంది. సున్నా వస్తే పైవాడే అనుకుంటుంది. పక్క పేటవాడికీ సున్నాయే వస్తుంది. పక్కింటి పిల్లను ఇంటి యజమాని అనుకుని తలుపు తీసినట్టయింది. ముగ్గురూ పోయారు. తప్పు చేసిన ప్రోగ్రాములోని తల్లి మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు నిద్రలేచి, అప్పటికే పోయిన బిడ్డను చంపినట్టు ప్రింట్ చేసి, మర్యాదగా ముగించింది.

కెర్నెల్ రాసేవాళ్ల తిప్పలు

డ్రైవర్లు, మాడ్యూళ్లు రాసేవాళ్లకు ఇందులోంచి నాలుగు మాటలు. యూజర్ ప్రోగ్రాము నుంచి వచ్చిన నంబరును మెషీన్ మూల నేమ్‌స్పేస్‌లో వెతకొద్దు. కంటైనర్‌లోంచి వచ్చిన 7ను మూలంలో వెతికితే దొరికేది ఎవరో కెర్నెల్ థ్రెడ్. టెస్టు మెషీన్ మీద కంటైనర్ లేకుండా నడిపినప్పుడు రెండూ ఒకటే కాబట్టి తప్పు బయటపడదు, అదే దీనిలో టెన్షన్.

నంబరు వచ్చిన క్షణంలోనే దాన్ని స్ట్రక్ట్ పిడ్‌గా మార్చి రిఫరెన్స్ పట్టుకోవాలి. నంబరును దాచుకుని తర్వాత, కెర్నెల్ పనులు వాయిదా వేసుకునే వర్క్‌క్యూలో వెతుకుదామనుకుంటే, అప్పుడు నడుస్తున్నది అడిగిన ప్రాసెస్ కాదు, కెర్నెల్ సొంత థ్రెడ్. దాని పేట వేరు. పైగా ఈలోపు ఆ నంబరు చేతులు మారి ఉండొచ్చు.

ఒక ప్రాసెస్ ‘ఉన్న’ నేమ్‌స్పేస్, అది ‘పుట్టించబోయే బిడ్డల’ నేమ్‌స్పేస్ ఒకటే అయి ఉండక్కర్లేదు. అన్‌షేర్ అనే కాల్‌తో కొత్త నేమ్‌స్పేస్ అడిగిన ప్రాసెస్ తన పాత నేమ్‌స్పేస్‌లోనే ఉంటుంది, తర్వాత పుట్టే బిడ్డలు కొత్తదాంట్లోకి వెళ్తారు. ఇంటి కాగితాలు కొన్నాక కూడా పాత అద్దింట్లోనే ఉన్నట్టు. కెర్నెల్‌లో ఆ బిడ్డల నేమ్‌స్పేస్ ఉన్న ఫీల్డుకు ఒకప్పుడు ఉత్త ‘పిడ్ ఎన్ఎస్’ అని పేరు. చదివినవాళ్లు అదే ప్రస్తుత నేమ్‌స్పేస్ అనుకునేవాళ్లు. ప్రాసెస్‌లు మాట్లాడుకునే సాకెట్ మీద తన పీఐడీ ఇదని ప్రాసెస్ చెప్పుకునే చోట తనిఖీలో ఈ తప్పే దొర్లింది. 2013లో దాన్ని సరిచేసి, ఫీల్డు పేరును కూడా ‘బిడ్డల కోసం’ అని అర్థమొచ్చేలా మార్చారు. కెర్నెల్ వాళ్లు పేరు మార్చడానికి ఒప్పుకున్నారంటే ఎంత విసిగారో ఊహించుకోండి.

ఇక జవాబు చెప్పేటప్పుడు, అడిగినవాడి కళ్లతో కనిపించే నంబరే ఇవ్వాలి. కెర్నెల్ లాగ్‌లో మాత్రం మూల నంబరు రాయొచ్చు. ప్రాసెస్‌ల వివరాలు చూపే ప్రాక్ ఫైళ్లు ఇంకో రకం: చదివేవాడి నేమ్‌స్పేస్ కాకుండా, ఆ ప్రాక్‌ను మౌంట్ చేసినప్పటి నేమ్‌స్పేస్ నంబర్లు చూపిస్తాయి. కంటైనర్‌లో ప్రాక్ మళ్లీ మౌంట్ చేయకుండా, ప్రాసెస్‌ల జాబితా చూపే పీఎస్ కమాండ్ కొట్టి, ‘గోడ పనిచేయట్లేదు సార్’ అని నా దగ్గరికి వచ్చే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు.

ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌లో కంటైనర్లలాంటివే అయిన జైళ్లు ఇంకో దారి పట్టాయి. 2000లో ఫ్రీబీఎస్‌డీ 4.0తో వచ్చిన ఆ పద్ధతిలో నంబర్లు మారవు, జైలులో ఉన్నవాడికీ బయటివాడికీ 48213 అంటే ఒకటే ప్రాసెస్. వెతకడం మెషీన్ మొత్తంలో జరుగుతుంది, దొరికాక ఒక్కొక్కరికీ ‘వీడు నీకు కనిపించాలా’ అనే తనిఖీ ఉంటుంది. నంబర్ల గందరగోళం లేదు, సున్నా ఉచ్చు లేదు. కానీ కంటైనర్‌ను ఆపి ఇంకో మెషీన్ మీద అవే నంబర్లతో లేపాలంటే లైనక్స్ పద్ధతే కావాలి. పావెల్ ఎమెల్యనోవ్ వాళ్లకు ఆ అవసరమే ఉంది.

కంటైనర్లు నడపడానికి డాకర్ వాడేవాళ్లు కంగారు పడనక్కర్లేదు. దాని కింద పనిచేసే రన్‌సీ, కంటైనర్ మొదటి ప్రాసెస్ చేత ముందే సెట్‌సిడ్ చేయిస్తుంది. దాంతో కొత్త సెషన్, కొత్త గ్రూపు, రెండింటి నంబరూ లోపల 1. ముఠా కూడా మారిపోతుంది కాబట్టి సున్నా దారి గోడ దాటదు. చిక్కంతా నాలాగా సొంతంగా క్లోన్ కొట్టుకుని శాండ్‌బాక్స్ కట్టుకునేవాళ్లకే.

నేనూ ఆ ఒక్క లైను చేర్చాను: బిడ్డ పుట్టగానే, పిల్లల ప్రోగ్రాము మొదలయ్యేలోపే సెట్‌సిడ్. మళ్లీ నడిపితే ఇవాల్యుయేటర్ బతికింది, మిగతా ముగ్గురి ఫైళ్లూ నిండాయి. ఆ అమ్మాయి అవుట్‌పుట్ ఎప్పట్లాగే కరెక్టు, పూర్తి మార్కులు. అక్కడ ఆగిపోదామనే అనుకున్నాను. కానీ అదే ప్రోగ్రామును ల్యాబ్ మెషీన్ మీద మామూలుగా నడిపితే తల్లీ బిడ్డా ఇద్దరూ చచ్చి, ఒక్క అక్షరం ప్రింట్ కాలేదు. నా శాండ్‌బాక్స్ దాన్ని 1వ నంబరులో కూర్చోబెట్టి, ఇనిట్‌కు ఇచ్చే రక్ష ఇచ్చి కాపాడుతోంది.

కాబట్టి రెండో మార్పు: 1వ నంబరులో ఒక చిన్న ఇనిట్, దాని కింద పిల్లల ప్రోగ్రాము. ఈసారి అది చావాల్సినట్టే చచ్చింది, అవుట్‌పుట్ ఖాళీ. ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది.

“పొద్దున వచ్చింది కదా సార్ అవుట్‌పుట్?”

బోర్డు దగ్గరికి పిలిచి ఫోర్క్ కింద రెండు కొమ్మలు గీసి, బిడ్డ కొమ్మలో వేరియబుల్ విలువ ఎంతో రాయమన్నాను. సున్నా అని రాసి, దాన్నే చూస్తూ కాసేపు నిలబడింది. తర్వాత కిల్ లైను చెరిపేసి ఇంకో కొమ్మలో రాసింది. మార్కులు దానికి వేశాను.